ఎవరూ చూడని ఏడు నెలలు

ముప్పై ఒక్క సంవత్సరాలు కళాశాలలో తత్త్వశాస్త్రం బోధించాను. ఏటా మొదటి తరగతిలో బల్ల మీద చేయి వేసి, "మనమంతా బయటికి వెళ్ళి తాళం వేసిన తరువాత ఈ బల్ల ఇక్కడ ఉంటుందనడానికి ఆధారమేమిటి?" అని అడిగేవాణ్ణి. ఉంటుందని పట్టుపట్టిన విద్యార్థి గంట ముగిసేలోగా తల దించుకొనేవాడు. మనస్సుకు వెలుపల పదార్థమనేది ఉన్నదని నాకెవరూ నిరూపించలేకపోయారు. ఈ సంగతి కొంత గర్వంతోనే చెప్పుకొనేవాణ్ణి.

ఇంట్లో అది ఆటగా మారింది. నా భార్య దర్జీ. ముందుగదిలో మిషను పెట్టుకొని బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. పాలు మాడిన వాసన వస్తోందని నేనంటే, "ముక్కు మూసుకోండి, మాడలేదు" అనేది. గడియారాలు బాగుచేసే నా బావమరిది వచ్చినప్పుడల్లా గుమ్మంలో ఆగి, "బావగారూ, కుర్చీ ఇవాళ ఉందా? ఉంటే కూర్చుంటా" అనేవాడు.

గత నెలలో ఒక ఆదివారం ఉదయం తీగ మీద ఆరేసిన ఆమె జాకెట్టు నా కంట పడింది. ఎడమ పక్క కుట్టు విప్పి, రెండు వేళ్ళ వెడల్పున వదులు చేసి ఉన్నది. కుడి పక్క యథాతథం. తీగ మీది మిగిలిన రెండు జాకెట్లదీ అదే తీరు. తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేని మనిషిని నేను.

"నీ కుట్టు వంకర పోతోంది. కళ్ళు చూపించుకో" అన్నాను.

"మీరు చూడకపోతే వంకర ఉండదు లెండి" అని మిషను తొక్కుతూనే నవ్వింది. ఆ జవాబుకు నేను ముచ్చటపడ్డాను కూడా.

అప్పుడే వచ్చిన బావమరిది తీగ వైపు చూసి నవ్వలేదు. "వంకర కాదు బావగారూ, అది కొలత పెట్టి వదిలిన కుట్టు. మా అక్క ఊరికే కుట్టు విప్పే మనిషి కాదు" అని ఆమె వైపు తిరిగాడు. "ఏమైందక్కా?"

మిషను ఆగింది. రొమ్ములో గడ్డ ఉందని, ఏడు నెలలైందని ఆమె మిషను వైపే చూస్తూ చెప్పింది.

మూడు రోజుల తరువాత ఆసుపత్రిలో డాక్టరమ్మ స్కాను ఫిల్మును వెలుగుకు పెట్టి చూపింది. "ఎముకల్లోకి పాకిందండీ. సోమవారం నుంచి మందు ఎక్కిద్దాం. పూర్తిగా పోతుందని చెప్పలేను. ఏడాదో, రెండేళ్ళో కలిసొస్తుంది. ఇంకా ఆలస్యం చేస్తే అదీ ఉండదు."

ఇంటికి రాగానే నా భార్య సోమవారం ఆసుపత్రికి రానన్నది. శుక్రవారం మధ్యాహ్నం వరకు తమ్ముడు బతిమాలాడు, కసిరాడు, చివరకు నన్ను చూసి, "మీ మాటైతే వింటుంది. ఇన్నేళ్ళు ఎంతమంది నోళ్ళు మూయించారు, ఈవిడొక్కతె లెక్కా?" అని వెళ్ళిపోయాడు.

ఆమె మంచం పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నాను.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఇద్దరికి తెలుస్తుంది. ఎవరూ చూడనిది ఉందనడానికి ఆధారం లేదని మీరేగా అన్నారు."

"అది తరగతి గదిలో మాట."

"వంటింట్లోనూ అన్నారు."

"నీకు తెలుసుగా. నీ మనసు చూస్తూనే ఉంది."

"అందుకే చూడ్డం మానేశాను. స్నానం చేసేటప్పుడు కూడా చెయ్యి అటు పోనివ్వలేదు. జాకెట్టు బిగిస్తే గుర్తొస్తుందని కుట్టు వదిలేశా. హాయిగానే ఉన్నానండీ. ఫిల్ము చూశాకే నొప్పి మొదలైంది."

అరవై ఎనిమిదేళ్ళ వయస్సులో, జీవితంలో మొదటిసారి, "నేను చెప్పింది తప్పు. ఎవరు చూసినా చూడకపోయినా ఉన్నది ఉంటుంది" అన్నాను.

ఆమె నా వైపు జాలిగా చూసింది. "నన్ను బండెక్కించడానికి అంటున్నారు. మీరు నమ్మి అన్నప్పుడు గొంతు ఇలా ఉండదు. నాకు తెలీదూ?"

అది నిజమే. భయంతో పలికిన వాక్యమది, నిశ్చయంతో పలికినది కాదు. ఇంత చదివినవాణ్ణి, ఆమె ప్రాణానికి అవసరమైన ఆ ఒక్క వాక్యాన్ని నమ్మకంగా పలకలేకపోయాను.

ఆమె నా చేయి అందుకొని, జాకెట్టు మీదనే, ఎడమ వైపు ఆనించింది. వేళ్ళకు గట్టిగా తగిలింది. నొక్కితే కదలలేదు. కళ్ళు మూసుకొన్నాను. అది నా ఊహ మాత్రమేనని నాతో నేను అనుకొన్నాను. అంతకు ముందెన్నడూ అంత మనఃపూర్వకంగా అనుకొని ఉండను. అది వేళ్ళ కింద అలాగే ఉన్నది.

ఆమె నా ముఖం చూస్తున్నది. "ఉంది కదూ" అన్నది.

నేను తల ఊపాను.

"ఎంత ఉంది?"

"నిమ్మకాయంత."

"నాకు మొదట తెలిసినప్పుడు కందిగింజంత" అన్నది. "చూడకపోతే పెరగదనుకున్నా."

వీధిలో ఎవరో సైకిలు నిలబెట్టి, మిషను చప్పుడు లేకపోవడం గమనించి కాబోలు, పిలవకుండానే వెళ్ళిపోయారు. ఆమె నా చేయి తీసి మంచం మీద పెట్టింది.

"సోమవారం వస్తాను లెండి" అన్నది. "అలమారులో స్కూలు వాళ్ళ బట్ట ఉంది, నీలం తాను. ఇంకా కత్తెర పడలేదు. రేపు తీసుకెళ్ళి ఇచ్చేయండి. వేరేవాళ్ళ చేత కుట్టించుకోమనండి."