వెనక్కి జరిగే ఇళ్లు

పొద్దున్న ఎనిమిదయ్యేసరికి దర్జీ పిన్ని కిటికీ తెరిచి, మిషనుకు నూనె వేసి, సూదిలోకి దారం ఎక్కించేది. ఆమెకున్నది ఒక్కటే గది. అందులో వెలుతురు వచ్చేది వీధివైపు కిటికీ దగ్గరే కాబట్టి మిషనూ అక్కడే ఉండేది.

ఆ వీధిని ఒకప్పుడు చక్రవర్తి దగ్గరుండి కట్టించాడు. తాడు పట్టి గీసినంత తిన్నని దారి, రెండు పక్కలా ఒకే ఎత్తు చూరులు, ఒకే తీరు కమానులు. ఆయన రథం వచ్చినప్పుడల్లా రెండు వరుసల ఇళ్లూ చెరో రెండడుగులు వెనక్కి జరిగేవి. చక్రవర్తి పోయాడు, రథమూ పోయింది గానీ ఇళ్లకు మర్యాద పోలేదు. శవం వెళ్తుంటే జరుగుతాయి, నెలలు నిండుతున్న మనిషి వస్తుంటే జరుగుతాయి. దాటి వెళ్లిపోయాక మళ్లీ ఎక్కడివక్కడే. లారీలు హారన్ కొట్టి చచ్చినా అంగుళం కదలవు. అలమరలో గ్లాసులు గలగలమంటే పిన్ని "ఎవరో కడుపుతో వస్తున్నారు" అనుకుని వాటిని పట్టుకునేది, అంతే.

ఇప్పుడు నగరపాలక ఆఫీసు వాళ్లకి వీధి నలభై అడుగులు ఉండాలట. ఉన్నది ముప్పయ్యారు. ఇరువైపులా రెండేసి అడుగులు కొట్టేస్తామని నోటీసు అంటించారు. ఆ రెండడుగుల్లోనే ఉన్నాయి పిన్ని కిటికీ, మిషనూ, ముప్పయ్యేళ్ల బతుకూ. వారం రోజులుగా ఆమెకు ముద్ద దిగడం లేదు.

ఆ ఉదయం ఇంజనీరు స్వయంగా వచ్చి టేపు వేయించాడు. ముప్పయ్యారే.

"సర్వేయరు సంతకం లేకుండా కొలత చెల్లుతుందా బాబూ?" అడిగింది పిన్ని.

"ఆవిడకి ఎనిమిదో నెల. ఆఫీసులో కూర్చోబెట్టాం."

ఆ సంగతి పిన్నికి తెలియక కాదు. నాలుగు రోజుల కిందట ఆ అమ్మాయి బట్టల కుట్లు విప్పి వదులు చేసింది తనే.

"అయ్యో, అయినా రూలు రూలే కదా! రమ్మనండి," అంది ఏమీ ఎరగనట్టు.

గంటలో సర్వేయరమ్మ రిక్షా దిగింది. ఆమె వీధి మలుపు తిరగగానే గ్లాసులు గలగలమన్నాయి. ఇంజనీరు టేపు కొస గోడకు ఆనించి నిలబడి ఉన్నాడేమో, గోడ వెనక్కి పోతుంటే దాని వెంటే తడబడుతూ తనూ పోయాడు.

"నలభై," అంది సర్వేయరమ్మ అటు కొస చూసి.

"మరి నాకెందుకు జరగవివి?" ఇంజనీరు ఉడుక్కున్నాడు.

"మీరు మోసేవాళ్లూ కాదు, మోయించుకునేవాళ్లూ కాదు బాబూ!" అంది పిన్ని కిటికీలోంచి.

వీధంతా గొల్లున నవ్వింది.

"నువ్వు పురిటికెళ్తే మళ్లీ ముప్పయ్యారే కదమ్మా!" అన్నాడాయన సర్వేయరమ్మతో.

"అవసరం పడితే తనే వెడల్పయ్యే వీధిని మనం కూల్చడమెందుకు సార్? అయినా కొలిచినప్పుడు ఎంతుంటే అంత రాయడం నా పని."

కాగితం మీద నలభై అని వేసి, విస్తరణ అక్కర్లేదని రాసి, సంతకం పెట్టేసింది. పిన్ని కిటికీ ఊచలు పట్టుకుని భోరుమంది.

"ఏడుపెందుకు పిన్నీ? ముందో కుర్చీ వెయ్యి, నడుం లాగేస్తోంది," అంది సర్వేయరమ్మ.

పిన్ని కళ్లు తుడుచుకుని, మిషను పక్కనే కుర్చీ వేసింది. సర్వేయరమ్మ అక్కడ కూర్చున్నంతసేపూ ఇళ్లు ముందుకు రాలేదు. లారీలు హాయిగా పోయాయి. ఇంజనీరు జీపు కూడా ఆ నలభై అడుగుల్లోంచే, దేనికీ తగలకుండా ఆఫీసుకి వెళ్లిపోయింది.