ఉగ్గుగిన్నె మీద మూడో పేరు

నేను ఒక వెండి ఉగ్గుగిన్నెను. అరచేతిలో ఇమిడే ఒళ్ళు, పిచ్చుక ముక్కులా సాగిన కొస. పళ్ళు రాని నోళ్ళలోకి పాలు జారవిడవడమే నా పని. నాకు పరిచయమంతా మాటలు రాని వాళ్ళతోనే. మాటలు వచ్చిన వాళ్ళు ఒక్క నిజం చెప్పడానికి ఎంత ఆలస్యం చేస్తారో మాత్రం ఒక మధ్యాహ్నం చూశాను.

చీరాలలో వెండిపని చేసే బ్రహ్మాచారి నన్ను చేశాడు. నాంచారమ్మ తొలి కాన్పుకు ఆమె పుట్టింటివాళ్ళు నన్ను చేయించి పంపారు. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. బిడ్డకు అన్నప్రాసన కాగానే నా అంచు మీద ఆ పేరు చెక్కిస్తారు. ముందు శ్రీహరి పేరు చెక్కారు. తర్వాత ఇందుమతి పేరు. ఆ పక్కన జాగా మిగిలింది.

శ్రీహరి పెరిగి చీరల కొట్టు పెట్టాడు. హైమను పెళ్ళి చేసుకున్నాడు. పాప పుట్టింది. లహరి అని పేరు పెట్టారు. ఇరవై ఏళ్ళకు పైగా పెట్టెలో ఉన్న నన్ను నాంచారమ్మ చింతపండుతో తోమి తళతళలాడించింది.

"అత్తయ్యా, తల్లిపాలు తప్ప నోట్లో ఏదీ పోయొద్దన్నారు డాక్టరుగారు. మీ గిన్నెను దేవుడి గూట్లో పెట్టండి, రోజూ దణ్ణం పెట్టుకుంటాను" అంది హైమ.

"ఈ గిన్నెతోనే నీ మొగుడు పెరిగాడమ్మా! చూడు, తలుపులో పట్టటం లేదు."

అందరూ నవ్వారు. నన్ను దేవుడి గూట్లోనే పెట్టారు.

ఇందుమతి అప్పటికి కాలేజీలో సూక్ష్మజీవుల మీద ఎమ్మెస్సీ చదువుతోంది. మొక్కల నూనెలు క్రిముల్ని ఎలా చంపుతాయన్నది ఆమె ప్రాజెక్టు. సెలవులకు వస్తూ మిగిలిన నీలగిరి తైలం సీసా ఇంటికి తెచ్చింది. ఫోనులో ఫొటో చూపించింది. గాజుపళ్ళెం నిండా క్రిములు, మధ్యలో నూనెలో ముంచిన కాగితం బిళ్ళ. దాని చుట్టూ చంద్రుడిలా శుభ్రమైన ఖాళీ.

"ఒక్క చుక్కకే అన్నీ చచ్చాయే?"

"చచ్చాయమ్మా! దగ్గు తెప్పించేవి కూడా."

"మరి మీ డాక్టర్లు గొట్టాలూ సూదులూ ఎందుకే?"

ఇందుమతి గర్వంగా నవ్వింది. ఆ నవ్వులో ఒక మాట మిగిలిపోయింది. గంపెడు ఆకు ఆవిరి పడితే నా కడుపు నిండేంత నూనె కూడా రాదు. అంత ఆకు బలం అందులో ఉంటుంది. పళ్ళెంలో క్రిమిని చంపినంత మాత్రాన అది పసిబిడ్డ కడుపులోకి వెళ్ళదగినది కాదు. ఆ సంగతి అమ్మ అడగలేదు, కూతురు చెప్పలేదు.

రెండు రోజుల తర్వాత లహరికి జలుబు చేసింది. ముక్కు మూసుకుపోయి పాలు తాగలేక గుక్కపెట్టింది. మధ్యాహ్నం హైమ బట్టలు తేవడానికి మేడెక్కింది. నాంచారమ్మ ఆ తైలం పాప ఛాతీకి రాసింది, టోపీ మీద చల్లింది. ఏడుపు ఆగలేదు. నన్ను గూట్లోంచి తీసింది. పిల్లలిద్దరికీ వాము నీళ్ళు పట్టి పెంచిన చెయ్యి అది. ఇదీ ఆకు రసమే అనుకుంది. నాలో పాలు పోసి పైన సీసా వంచింది. సీసా మూతికి చుక్కచుక్కగా రాల్చే బిరడా లేదు. నూనె ధారగా పడింది.

"తాగు తల్లీ, తాగు బంగారూ. దగ్గు పారిపోతుంది."

లహరి తాగింది. కాసేపటికి దగ్గింది. మెడ వాల్చేసింది. నాంచారమ్మ పాపను ఒళ్ళోకి లాక్కుంది. ఎలాగైనా కక్కించాలని ఉప్పునీళ్ళు పట్టి గొంతులో వేలు పెట్టింది. పాప కక్కింది. కక్కుతూనే ఎగశ్వాస పీల్చింది. ఆ తర్వాత ఒళ్ళంతా కొట్టుకోవడం మొదలైంది.

నాంచారమ్మ నన్ను బొడ్లో దోపుకుని కేక వేసింది.

ఆసుపత్రిలో డాక్టరు మొదటి ప్రశ్న అదే. "నోట్లో ఏమైనా పోశారా?"

"లేదు బాబూ. ఛాతీకి రాశానంతే."

పాప టోపీ, చొక్కా, ఒళ్ళు అన్నీ నీలగిరి వాసనే. ఆ నోటి వాసనను ఇక ఎవరు విడిగా పట్టుకోగలరు? మూర్ఛకు ఇంజెక్షన్ ఇచ్చారు, జ్వరం చూశారు. ఇందుమతి గోడకు ఆనుకుని తల్లి ముఖంలోకే చూస్తోంది. నేను నాంచారమ్మ నడుము మడతలో ఉన్నాను.

పాప పెదాలు నీలం తిరిగాయి. హైమ వచ్చి అత్తగారి రెండు చేతులూ పట్టుకుంది.

"అత్తయ్యా, మీరైనా పిలవండి. మీ గొంతు వింటే కళ్ళు తెరుస్తుంది. మీరంటే ప్రాణం కదా దానికి!"

తిట్టి ఉంటే నాంచారమ్మ ఇంకాసేపు దాచేదేమో. ఆ నమ్మకానికి తట్టుకోలేకపోయింది. నన్ను తీసి డాక్టరు చేతిలో పెట్టింది.

"ఇందులో పట్టాను బాబూ. నూనే పట్టాను."

ఆయన నా కొస వాసన చూశాడు. "కక్కించారా?"

ఆమె తల ఊపింది.

"అప్పుడే ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటుంది" అని ఆయన పరుగెత్తాడు.

దీపాలు పెట్టే వేళకు లహరి లేదు. ముందే చెప్పి ఉంటే బతికేదని డాక్టరు అనలేదు. బతికేది కాదనీ అనలేదు.

హైమ ఆ తర్వాత కూడా అత్తగారిని ఒక్క మాట అనలేదు. వేళకు అన్నం వడ్డించి "అత్తయ్యా, తినండి" అనేది. నాంచారమ్మ ముద్ద కలిపి అలాగే కూర్చునేది. మనుషులకు క్షమించడం కష్టమంటారు. క్షమించిన మనిషి పక్కన కూర్చుని తినడం అంతకంటే కష్టమని నేను చూశాను.

ఒక ఉదయం ఆమె నన్ను బ్రహ్మాచారి కొట్టుకు తీసుకెళ్ళింది.

"కరిగించెయ్యి నాయనా. ఏమీ మిగలకూడదు."

ముసలాయన కొలిమి రాజేస్తుండగా గుమ్మంలో హైమ నిలబడింది. వెనకే వచ్చినట్టుంది, రొప్పుతోంది.

"కరిగించొద్దు తాతా. పేరు చెక్కండి. లహరి."

"ఓ, అన్నప్రాసన అయిపోయిందా తల్లీ?" అన్నాడు ఆయన సంతోషంగా.

హైమ అంచు మీద మిగిలిన జాగాను వేలితో చూపించింది. ఉలి దెబ్బలకు నాంచారమ్మ ప్రతిసారీ ఉలిక్కిపడింది. హైమ ఆమె భుజం మీద చెయ్యి వేసి ఉంచింది.

ఇప్పుడు నేను ఒక కాలేజీ ప్రయోగశాలలో గాజు బీరువాలో ఉన్నాను. ఇందుమతి అక్కడ పాఠం చెబుతుంది. ప్రతి ఏడూ విద్యార్థులు నూనె బిళ్ళ చుట్టూ ఖాళీని చూసి చప్పట్లు కొడతారు. అప్పుడు ఆమె నన్ను తెచ్చి ఆ పళ్ళెం పక్కన పెడుతుంది.

"ఈ పళ్ళేనికి ఊపిరితిత్తులు లేవు" అంటుంది. "దీన్ని చూసి ఇంటికెళ్ళి సగం మాట చెప్పకండి."

నూనె గురించి చెప్పాల్సినవన్నీ చెబుతుంది. బిరడా సంగతి, కక్కించకూడదన్న సంగతి, డాక్టరు దగ్గర దాచకూడదన్న సంగతి. ఈ ఏడు ముందు వరుసలో అమ్మాయి ఒకతె నన్ను చేతిలోకి తీసుకుని అంచు మీద చదివింది.

"లహరి ఎవరు మేడమ్?"

"మా మేనకోడలు."

"ఇప్పుడు ఎన్నో క్లాసు?"

ఇందుమతి నన్ను ఆ అమ్మాయి చేతిలోంచి మెల్లగా తీసుకుంది. కొంగుతో తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడిచింది.