బుగ్గ మీద నీలం

కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చడం ఆమె పని. నలభై ఎనిమిదో ఏట, ఉన్నట్టుండి, తైలవర్ణాలతో ముఖాలు వేయడం నేర్చుకోవాలనిపించింది. వీధి చివర మేడ మీద ఉండే ముసలి మాస్టారి దగ్గర చేరింది.

ఆయన గోడకున్న పాత చిత్రం చూపించాడు. తలగుడ్డ కట్టుకుని, బట్టకు అంచు కుడుతున్న ఒక ముసలామె. ముఖంలో ప్రతి ముడతా బతికున్నట్టే ఉంది.

"దీన్ని ఉన్నదున్నట్టు దించమ్మా. ఒక్కటే మాట, కింద నీ పేరు మాత్రం రాయకు."

ఆ చివరి మాట ముల్లులా గుచ్చుకుంది. ఇంట్లో చెబితే వదిన కళ్ళు చికిలించింది.

"నీ బొమ్మనే అసలుదని చెప్పి ఎవరికో అంటగడతాడు. రేపు పోలీసులొస్తే ఏం చెబుతావ్?"

"ఊరుకో వదినా. నా బొమ్మ చూసి అసలుదనుకునేంత గుడ్డివాళ్ళు ఎవరున్నారు?"

నవ్వేసింది గానీ, అనుమానం లోపలే కూర్చుంది.

గళ్ళు గీసుకుని, గోధుమరంగు తొలిపూత వేసి, ముఖం దాకా వచ్చింది. మూడో వారం ఒక ఉదయం చూస్తే బుగ్గ మారింది. నిన్న తను వేసింది అది కాదు.

"ఆరితే రంగు మారుతుందమ్మా" అన్నాడు మాస్టారు, కిటికీ వైపు చూస్తూ.

ఆ రోజు నుంచి ఇంటికి వెళ్ళే ముందు ఫోనులో బొమ్మ ఫొటో తీసుకోసాగింది. మూడుసార్లు పోల్చింది. మూడుసార్లూ బుగ్గ మీద నీలం పెరిగింది. అసలుదిగా అమ్మేందుకు బాగు చేస్తే దొంగ అనుకోవచ్చు. పాడు చేస్తున్నాడేమిటి?

"నువ్వెక్కడ నేర్చేసుకుంటావోనని కుళ్ళు" అని తేల్చేసింది వదిన.

ఒక మధ్యాహ్నం భోజన విరామంలో, చెప్పులు కిందే వదిలి మెట్లెక్కింది. తలుపు ఓరగా ఉంది. మాస్టారు రంగు గొట్టాన్ని ముక్కు దాకా తెచ్చుకుని, భూతద్దంతో అక్షరాలు చదువుతున్నాడు. ఆమె కాన్వాసు మీద చిన్న గీత పెట్టి, వెనక్కి జరిగి చూసి, చాలనట్టు మళ్ళీ పెట్టాడు. దుకాణానికొచ్చే చూపు మందగించిన వాళ్ళలో ఆమె రోజూ చూసే చూపే అది.

"మాస్టారూ, ఎంత నీలం పెట్టారో తెలుస్తోందా?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. తర్వాత స్టూలు మీద కూలబడ్డాడు.

"అంతా పసుపుపచ్చగా, మురికిగా కనిపిస్తోందమ్మా, నీలం ఎంత పెట్టినా ఆనడం లేదు. చెబితే రేపటి నుంచి నువ్వొస్తావా?"

"అందుకని నా బొమ్మ మీద పడ్డారా?"

"చేతిలోనైనా పనితనం మిగిలిందేమోనని చూసుకున్నాను."

దొంగ అనుకున్నందుకు సిగ్గేసింది. అయినా కోపం పూర్తిగా పోలేదు.

"మరి పేరెందుకు వద్దన్నారు?"

"ఇంకొకరి బొమ్మ దించి మన పేరు పెట్టుకుంటామా? మా గురువు నాకదే నేర్పాడు."

"అద్దాలు మారిస్తే పోయేది కాదిది. కళ్ళలో పొరలొచ్చాయి మాస్టారూ. రేపే ఆసుపత్రికి వెళదాం."

వదిన కూడా వెంట వచ్చింది, నిజమో నాటకమో తేల్చుకోవాలని. డాక్టరు పరీక్షించి రెండు కళ్ళకూ ఆపరేషన్ అవసరమన్నాక గానీ నోరు మూయలేదు.

రెండో కన్ను కూడా నయమయ్యాక మాస్టారు ఆ కాన్వాసు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఎవరమ్మా ఈవిణ్ణి చెంపదెబ్బ కొట్టింది?"

"మీరే."

ఆయన నవ్వలేదు. రంగులు గీకే కత్తి ఆమె చేతికిచ్చాడు. ఆమె బుగ్గంతా తొలిపూత దాకా గీకేసి, మళ్ళీ మొదలుపెట్టింది.

"ఎరుపు తగ్గించు" అన్నాడాయన, కూర్చున్న చోటి నుంచే.

తగ్గించి చూసింది. ఆయన చెప్పిందే నిజం.