ఓర్వల్ రావాల్సిన దారి

అమ్మా నేనూ వంటింట్లో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాం. కిటికీ అవతల మా గోధుమ చేను, దాని చివర హైవే. టెక్సస్‌లో మొదలైన కోతలు ఏటా ఆ రోడ్డు వెంటే ఓక్లహోమా దాటి, మా కాన్సస్ మీదుగా డకోటాల దాకా వెళ్తాయి. చేలు పండేకొద్దీ కోత మిషన్లు ఉత్తరానికి కదులుతుంటాయి.

మా చేను కోసేది ఓర్వల్ టీగ్. నేను పుట్టకముందు నుంచీ అతనే. ఈసారి ఓక్లహోమా వానల్లో చిక్కుకుపోయాడు. ఇక్కడ చేను పండి ఎండిపోయింది. పడమట మబ్బులు పేరుకుంటున్నాయి.

పొద్దున వేరే కోత బృందం నుంచి ఒక ఎర్రగడ్డం మనిషి వచ్చాడు. "సాయంత్రం దాకా ఊళ్లోనే ఉంటామండి. తర్వాత నెబ్రాస్కా పోతాం" అన్నాడు. "మా మనిషి వస్తున్నాడు" అని నాన్న అతన్ని గుమ్మంలోంచే పంపేశాడు.

"మా మనిషి వస్తున్నాడని ఎలా అన్నావు వెర్లిన్?" అంది అమ్మ. "ఓర్వల్‌ని డాక్టరు మిషన్ ఎక్కొద్దన్నాడట. జోలీన్ ఫోన్లో ఒకటే ఏడుపు. మొగుడి గుండె బాగోలేదు, అయినా మీ చేను కోసే తీరతానంటున్నాడు అని."

"రావొద్దంటే వాడు తట్టుకోలేడు నాడీన్."

"వస్తే తట్టుకుంటాడా?"

అంతలో ఫోన్ మోగింది. ట్రాక్టర్ల మోతకి నాన్నకి చెవులు మందగించాయి, అందుకే స్పీకర్లో పెట్టాడు.

"వెర్లిన్! ఎలా ఉందోయ్ చేను?" ఓర్వల్ ఆయాసపడుతున్నాడు. "మిషన్లు లారీలకెక్కించేశా. తెల్లారేసరికి నీ గుమ్మంలో ఉంటా. నాడీన్‌ని చెర్రీ కేకు చెయ్యమను. ఈసారైనా గింజలు తీసి చెయ్యమను, పోయినేడు నా పన్ను ఊడింది."

అమ్మ నవ్వబోయి ఆగింది. నాన్న కిటికీలోంచి చేను వైపు చూశాడు. ఒక్క కంకి వాలలేదు.

"రావొద్దు ఓర్వల్. ఇక్కడ కోయడానికేం లేదు. నిన్న వడగళ్లు పడ్డాయి."

అమ్మ చేతిలో కాయ జారిపోయింది. పంట గాదెకి చేరేదాకా మా వైపు ఎవరూ వడగళ్లన్న మాట నోటితో అనరు, అంటే నిజంగానే పడతాయని. చిన్నప్పుడు నేనొకసారి అంటే నాన్న నన్ను భోజనం బల్ల దగ్గర నుంచి లేపేశాడు.

"అయ్యో... మొత్తం పోయిందా?"

"మొత్తం."

"నేనొచ్చి కాసేపు నీతో కూర్చోనా?"

"వద్దు. ఇంటికి పో. జోలీన్ చెప్పిన మాట విను."

"ఆ ముసల్ది నీకేమైనా చెప్పిందా?"

"నాకేం చెప్పలేదు."

"సరేలే. వచ్చే ఏడు కోద్దాం."

"వచ్చే ఏడే" అన్నాడు నాన్న.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు దాని మీదే చెయ్యి ఉంచాడు. దూరంగా ఉరిమింది.

"వెర్లిన్" అంది అమ్మ, మెల్లగా.

నాన్న కొక్కేనికున్న టోపీ తీసుకున్నాడు. మా ఇద్దరి వైపూ చూడకుండా ఎర్రగడ్డం మనిషి కోసం ఊళ్లోకి బయల్దేరాడు.