గొంగడి చాటు గొట్టం

బీరన్న మరో గొర్రెను మోకాళ్ల మధ్య ఇరికించుకొని, తల కాస్త ఎత్తి కడుపులో పురుగులు పోయే నట్టల మందు పోశాడు. గుర్తుగా దాని నుదుటి మీద ఎర్రరంగు రాసి వదిలాడు. ఏటా ఆరుబయట చేసే పనిని ఈసారి దొడ్డిలో గొంగడి అడ్డం కట్టుకొని దాని చాటున చేస్తున్నాడు. ఒకరు పట్టుకుంటే ఒకరు పోయాల్సిన మందును ఒక్కడే చకచకా కానిచ్చేస్తున్నాడు.

అతని చేతిలో ఒక సీసా, దాని మూతికి బిగించిన వంపు గొట్టం, దానికో పాత సైకిలు బ్రేకు పిడి ఉన్నాయి. గొట్టం కొన గొర్రె నోటి మూలన ఒదుగుతుంది. పిడి నొక్కితే సరిపడా మందే దిగుతుంది, పొలమారదు. చలికాలమంతా విప్పి, బిగించి, తనను తాను తిట్టుకుంటూ తయారు చేశాడు.

నల్లగొండలో చదువుతున్న కూతురు స్నేహలత సెలవులకు వచ్చి దాన్ని చూసింది. ఫోన్‌లో పేటెంటు ఆఫీసు వెబ్‌సైటంతా గాలించింది. మందు పోసే గొట్టాలు చాలానే దొరికాయి గాని ఇలాంటిది లేదు.

"పేటెంటంటే ఇది నువ్వే కనిపెట్టినవని సర్కారు రాసిచ్చుడు బాపు. ఇరవై ఏండ్ల దాంక నిన్ను అడగకుంట ఎవ్వరు చేసి అమ్మొద్దు. సోమవారం దరఖాస్తు పెడుత. గప్పటిదాంక ఎవ్వరికి చూపియ్యకు. పదిమంది చూసినంక కొత్తదంటే ఒప్పుకోరు."

బీరన్నకు ఆశ పుట్టింది. తన పేరున్న కాగితాలు లేకపోలేదు. రేషన్ కార్డు, ఆధార్ ఊళ్లో అందరికీ ఉన్నవే. తనకొక్కడికే ఉండే కాగితం ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

"గొంగడెనక ఏం దాస్తున్నవు బీరన్నా?" పక్క దొడ్డిలోంచి నర్సింగమ్మ అడిగింది. ఈమధ్య జారిపడటంతో ఆమె కుడిచేతికి కట్టు పడింది.

"ఎండ తాకుతాంది."

"మబ్బు పట్టింది గదా."

అంతలోనే ఆ దొడ్డిలో ఒక గొర్రెపిల్ల ఉక్కిరిబిక్కిరిగా దగ్గింది. ఎడమచేత్తో పోసిన మందు ఊపిరి గొట్టంలోకి పోయింది. అతను కంచె దాటి ఉరికాడు. పిల్ల తల కిందికి వంచి మూతి తుడిచాడు. కాసేపటికి అది తేరుకొని లేచింది.

"మిగిలినవాటికి నేను పోస్త తియ్," అన్నాడు.

"ఇయ్యాల పోస్తవు. పొద్దుమూకంగ మందను తోలుకొని నెలలకొద్ది మేతకు కాలువ కిందికి పోతవు. మళ్ల పోసేనాటికి నాకెవరున్నరు?"

బీరన్న గొంగడి వైపు చూశాడు. ఇంకా రాని ఆ కాగితం కళ్లముందు మెదిలింది. వెళ్లి గొట్టం తెచ్చి ఆమె ఎడమచేతిలో పెట్టాడు.

"సోమవారం దాంక ఎవ్వరికి చెప్పకు నర్సింగమ్మా."

"నా నోట్లకెల్లి మాట రాదు." ఆమె పిడి నొక్కింది. మందు హాయిగా దిగింది. "ఓ గుర్వమ్మా, పరశురాములూ, జర ఇటు రాండ్రి. బీరన్న గొట్టం చూద్దురు గాని," అని ఆ క్షణమే కేకేసింది.

మధ్యాహ్నానికి వాడంతా వచ్చి తలా ఒకసారి నొక్కి చూసింది. ఎవరో వీడియో తీసి ఊరి గ్రూపులో పెట్టారు.

దరఖాస్తుకు బొమ్మలు గీయించడానికి కట్టంగూర్ వెళ్లిన స్నేహలత ఆ వీడియో చూసుకుంటూనే వచ్చింది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి.

"నీ పేరు నువ్వే పోగొట్టుకున్నవు బాపు."

బీరన్నకూ బాధేసింది. "పాయె బిడ్డా. ఇగ పట్నంల ఎవడన్న గిది నాదని రాయించుకుంటడా?"

ఆమె కళ్లు తుడుచుకుంది. "రాయించుకోలేడు. ఊరంత చూసింది, వీడియో ఉంది. నీకు రాదు, ఇంకెవ్వరికి రాదు."

"గట్లనా?" బీరన్న ముఖం విప్పారింది. "ఇగ గిది వాడుతాందని నర్సింగమ్మతోని కొట్లాటకు వచ్చేటోడే లేడు." స్నేహలతకు నవ్వాగలేదు.

చల్లబడ్డాక అతను గొట్టం నర్సింగమ్మకే వదిలేసి, గొంగడి భుజాన వేసుకొని మందను కదిలించాడు. ఎర్రని నుదుళ్లన్నీ మలుపు తిరిగాయి. ఆ వెనకే అతనూ కనుమరుగయ్యాడు.

స్నేహలత రంగు డబ్బా తీసుకొని నర్సింగమ్మ దొడ్డిలోకి వెళ్లింది. ఆమె ఇంటికి తిరిగొచ్చేసరికి రోడ్డు మీద దుమ్ము అణిగింది. నర్సింగమ్మ దొడ్డి గుంజకు బ్రేకు పిడితో తగిలించిన గొట్టం వేలాడుతోంది, దాని సీసా మీద ఇంకా ఆరని ఎర్రరంగులో 'బీరన్న' అని ఉంది.