ఏడుపుకు ముందు ఊపిరి

సలోమికి కూతురి ప్రార్థన మీద అనుమానం వచ్చింది. లోకంలో తల్లులకు పిల్లల స్నేహాల మీదా, ఆలస్యంగా ఇల్లు చేరడం మీదా అనుమానాలు వస్తాయి. ఈవిడకు ఏకంగా ప్రార్థన మీదే వచ్చింది. పదహారేళ్ళ పిల్ల రోజూ సాయంత్రం ముసుగు వేసుకుని, మోకరించి, ఎక్కడా తడబడకుండా దేవుడితో మాట్లాడుతుంటే ఏ తల్లయినా పొంగిపోతుంది. సలోమికి మాత్రం ఒళ్ళు మండేది.

ఎందుకంటే ఆవిడ డబ్బింగ్ ఆర్టిస్టు. తెలుగు ముక్క రాని హీరోయిన్లు ఎందరో ఫిల్మ్ నగర్ స్టూడియోల్లో ఆవిడ గొంతుతోనే ఏడ్చారు. నిజంగా ఏడ్చే మనిషికి ఊపిరి అందదు. నటించే మనిషి ఏడుపుకు ముందే గుండెల నిండా ఊపిరి పీల్చి ఉంచుకుంటుంది. ఆ చప్పుడు మైకులో పడకుండా మొహం కాస్త పక్కకు తిప్పుకోవాలని కొత్తవాళ్ళకు నేర్పేదీ ఆవిడే. ఒక సాయంత్రం కూతురు కెజియా "ఈ పాపిని క్షమించు తండ్రీ" అనే ముందు సరిగ్గా అలాంటి ఊపిరే పీల్చింది. సలోమి ఒక కన్ను తెరిచి చూస్తే, మొహం కూడా పక్కకు తిప్పి ఉంది.

దొంగపిల్ల, అనుకుంది సలోమి.

వేరే రోజుల్లో అయితే పోనీలే అని ఊరుకునేదేమో. కానీ వచ్చే ఆదివారమే కెజియాకు బాప్తిస్మం. వెంగళరావు నగర్‌లోని వాళ్ళ సంఘంలో ఒక పద్ధతుంది. పిల్లలు నీళ్ళలోకి దిగే ముందు తల్లో తండ్రో లేచి నిలబడి, "ఈ బిడ్డకు మారుమనస్సు కలిగింది, నేనెరుగుదును" అని అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. చెప్పకపోతే బాప్తిస్మం లేదు. భర్త ఔట్‌డోర్ షూటింగ్‌కని రాజమండ్రి వైపు వెళ్ళాడు కాబట్టి ఆ మాట సలోమే చెప్పాలి. దాన్ని వినేవాళ్ళు కళ్ళొత్తుకునేలా పలకగలదు, అందులో సందేహం లేదు. దేవుడి ముందు అబద్ధం ఎలా ఆడటమా అనేదే ఆవిడ బాధ.

ఇక నిఘా మొదలైంది. పిల్ల కాలేజీ నుంచి రాగానే గది తలుపు దగ్గరగా వేసుకుంటోంది. చెవుల్లో ఇయర్‌ఫోన్స్, కదులుతున్న పెదాలు. తల్లి అడుగు చప్పుడు వినగానే అవి తీసి దిండు కింద పెట్టేస్తోంది.

"ఏం వింటున్నావే?"

"పాటలు మమ్మీ."

"ఏం పాటలు?"

"ఏవోలే."

సలోమికి అంతా అర్థమైపోయింది. జూబ్లీహిల్స్‌లో ఒక ప్రొడక్షన్ ఆఫీసువాళ్ళు కొత్త అమ్మాయిల కోసం వెతుకుతున్నారని ఇండస్ట్రీ అంతా చెప్పుకుంటోంది. ఈ పిల్ల తనకు తెలియకుండా ఆడిషన్‌కు తయారవుతోంది. ఏడుపు సీను రిహార్సల్‌కు చోటు దొరక్క దేవుడి సన్నిధిని వాడుకుంటోంది. వెంటనే ఆ ఆఫీసులో పనిచేసే కో-డైరెక్టర్ రవిచంద్రకు ఫోన్ చేసింది.

"మా కెజియా గానీ అక్కడికి వచ్చిందా తమ్ముడూ?"

"లేదక్కా. వస్తే నీకు చెప్పనా?"

ఇండస్ట్రీలో లేదన్న మాటను ఎవరు నమ్మారు గనక సలోమి నమ్ముతుంది. అనుమానం ఇంకాస్త బలపడింది.

శనివారం మధ్యాహ్నం కెజియా తలస్నానానికి వెళ్ళింది. ఫోన్ మంచం మీదే ఉంది. సలోమి తలుపు వైపు ఒకసారి చూసి, ఇయర్‌ఫోన్స్ చెవుల్లో పెట్టుకుని, చివరగా విన్నదాన్ని నొక్కింది. ఏ సినిమా డైలాగో వినబడుతుందనుకుంది.

ప్రార్థన వినబడింది. వెనకాల కుక్కర్ కూత, వీధిలో ఆటో హారన్. అది వాళ్ళింట్లో, వాళ్ళ హాల్లో జరిగిన ప్రార్థన. ఆ గొంతు తనదే. "ఈ పాపిని క్షమించు తండ్రీ" అని చివర్లో సన్నగా వణికింది. ఆ మాటకు ముందు, గుండెల నిండా పీల్చిన ఊపిరి కూడా ఉంది.

మళ్ళీ వింది. ఈసారైనా ఆ ఊపిరి ఉండకూడదని కోరుకుంది. ఉంది. ఆ ఊపిరొక్కటి తీసేస్తే, అంత శుభ్రంగా పలికినదానికి ఏ సౌండ్ ఇంజనీరూ రెండో టేక్ అడగడు. తను దేవుడి దగ్గర కూడా ఎప్పటినుంచి ఇలా పలుకుతోందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. సిగ్గుతో ఆవిడ చెవులు వేడెక్కాయి.

కెజియా తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చి, తల్లి చేతిలో ఫోన్ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నా ప్రార్థన ఎందుకు రికార్డు చేశావే?" అంది సలోమి.

"నేర్చుకుందామని." పిల్ల నేల చూపులు చూసింది. "సండేస్కూల్ టీచర్ ఎప్పుడూ మీ మమ్మీలా ప్రార్థన చెయ్యమంటుంది. నాకేమో అలా రాదు. ఒక్కదాన్నే కూర్చుంటే 'ప్రభువా' అంటాను. ఆ తర్వాత మాటలు రావు."

"రాకపోతే ఏం చేస్తావు?"

"ఏం చెయ్యను. ఊరికే కూర్చుంటాను. బానే ఉంటుంది. ఆయన అక్కడే ఉన్నట్టు ఉంటుంది. కానీ రేపు అందరి ముందూ ప్రార్థన చెయ్యమన్నప్పుడు అలా కూర్చుంటే నవ్వుతారుగా."

సలోమి మంచం మీద కూలబడింది. పిల్ల మీద పెట్టుకున్న అనుమానమంతా తిరిగి వచ్చి తన మీదే పడింది. తను నేర్పాల్సింది నేర్పకుండానే పిల్లకు అబ్బింది. తను నేర్పింది మాత్రం దాన్ని కప్పేసింది.

"ఎవరూ నవ్వరు. రేపు నీ కోసం నేను నిలబడి చెప్తాను. నీకు మారుమనస్సు ఉందని నాకు తెలిసింది," అంది. కెజియా తల ఊపిందే గానీ, తల్లి మొహం మీంచి చూపు తిప్పుకోలేదు.

సాయంత్రం ఇద్దరూ హాల్లో మోకరించారు. ఇవాళ గొంతు వాడకూడదని సలోమి గట్టిగా అనుకుంది. "ప్రభువా" అంది. ఆ తర్వాత ఒక్క మాటా రాలేదు. నిజంగానే రాలేదు. తల వంచుకుని అలాగే ఉండిపోయింది. ఎన్నాళ్ళకో ఏడుపు తన్నుకొచ్చింది, ఊపిరి అందలేదు.

కాసేపటికి కళ్ళు తెరిచి చూసింది. ముసుగు చాటునుంచి కెజియా తననే పరీక్షగా చూస్తోంది.

"నన్ను చూసి చేస్తున్నావా మమ్మీ?" అని మెల్లగా అడిగింది.

కాదని చెప్పాలనుకుంది సలోమి. ఏ గొంతుతో చెబితే పిల్ల నమ్ముతుందో ఆవిడకు తెలియలేదు.