ఎల్బియో కారులో చైనా, బెల్టా?

తకువారెంబో ఊళ్లో ఆదివారం పూట మగవాడి పరువు పొయ్యి దగ్గర ఉంటుంది. పెరట్లో కట్టెలు మండించి, నిప్పులను ఇనప చువ్వతో లాగి, కమ్మీల కిందికి నెట్టి, పైన మాంసం కాల్చేవాడు ఇంటికి ఒక్కడే. తక్కినవాళ్లు గ్లాసు పట్టుకుని చుట్టూ నిలబడవచ్చు, ఆకలితో నకనకలాడవచ్చు, చువ్వ మాత్రం ముట్టుకోకూడదు. ఒకడు రాజేసిన నిప్పును ఇంకొకడు కెలకడం కన్నా వాడి చెంప మీద కొట్టడం మర్యాద.

గ్లాడిస్ వాళ్ల ఇంట్లో ఆ చువ్వ ఆమె మొగుడు ఎల్బియోది. మామగారు మంచాన పడ్డప్పుడు అల్లుణ్ణి పిలిచి మరీ దాన్ని చేతిలో పెట్టాడు. గ్లాడిస్ తమ్ముడు వాల్దెమార్ ఆ రోజు ఊళ్లో లేడు. తండ్రి చువ్వ కొడుక్కి కాకుండా అల్లుడికి పోవడం అతనికి ఇప్పటికీ మింగుడుపడలేదు. ప్రతి ఆదివారం వచ్చి బావ వెనకాలే నిలబడి, నోటితో ఏమీ అనకుండా ముక్కుతో నిట్టూరుస్తాడు. ఆ నిట్టూర్పు కన్నా నాలుగు తిట్లు నయమని ఎల్బియో అనుకునేవాడు.

కిందటి ఆదివారం ఆ ఇద్దరికీ కారు దగ్గర చెడింది. ఎల్బియో ఆ బూడిదరంగు కారును రివేరాలో ఒకాయన దగ్గర పాతదే కొన్నాడు. అమ్మినాయన బానెట్ మీద తట్టి, ఇందులో ఇంజను లోపలి భాగాలను లయ తప్పకుండా తిప్పేది రబ్బరు బెల్టు కాదు, ఇనప చైను, ఇంజను ఉన్నన్నాళ్లూ ఉంటుంది, మరిచిపోవచ్చు అన్నాడు. ఎల్బియో నిజంగానే మరిచిపోయాడు. ఊరికి చెప్పడం మాత్రం మరవలేదు. టైమింగ్ బెల్టున్న కార్లవాళ్లను చూసి జాలిపడేవాడు. పాపం, రబ్బరు ముక్క, ఎప్పటికప్పుడు మార్చుకోకపోతే ఏదో ఒకరోజు నడిరోడ్డు మీద పుటుక్కున తెగి, లోపల భాగాలు ఒకదాన్నొకటి గుద్దుకుని ఇంజను పాత ఇనపసామాను అయిపోతుందని, అడగనివాడికి కూడా వివరించేవాడు.

వాల్దెమార్ మాంసం నములుతూ, తన ఆఫీసులో ఒకడికి అచ్చం అదే కారు ఉందనీ, దానిలో ఉన్నది బెల్టనీ అన్నాడు. ఆ మోడల్ కారు రెండు రకాల ఇంజన్లతో వచ్చిందని ఎల్బియో జవాబు చెప్పాడు. అది నిజమే. తనది మంచి రకమన్నాడు. అది మాత్రం ఆయన నమ్మకం. మాటా మాటా పెరిగింది.

"అది బెల్టని తేలితే ఏమిస్తావు బావా?"

"చువ్వ ఇచ్చేస్తాను. చైనని తేలితే మాత్రం నువ్వు నా పొయ్యి దగ్గర ముక్కుతో కూడా మాట్లాడకూడదు."

విప్పి చూద్దామంటే, బుద్ధిగా నడుస్తున్న ఇంజనును ఎవడి నోటిదూల కోసమో విప్పనని ఎల్బియో భీష్మించాడు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పందెం అలాగే వేలాడుతూ ఉండిపోయింది.

కానీ అనుమానం పెనుభూతం. శనివారం మధ్యాహ్నం వీధంతా కునుకు తీస్తున్న వేళ ఆయన బానెట్ ఎత్తి, ఇంజను పక్కనున్న ప్లాస్టిక్ మూత పైభాగం వదులు చేసి, టార్చి వేసి లోపలికి చూశాడు. పళ్లున్న నల్లటి రబ్బరు పట్టీ కనిపించింది. నూనెలో మెరిసే ఇనప లంకెలు ఎక్కడా లేవు. భయంతో చూశాడేమో, పట్టీ మీద పగుళ్లు కూడా కనిపించాయి. ఇన్నేళ్లుగా ఇంట్లో అందరూ ఎక్కి తిరిగిన కారు ఒక ముసలి రబ్బరు దయ మీద నడిచిందా అనుకుంటూ ఆయన గబగబా టార్చి ఆర్పేశాడు. ఆ తర్వాత చువ్వ గుర్తొచ్చింది.

వెంటనే ఉపాయం కూడా తోచింది. సోమవారం పొరుగూరికి తీసుకెళ్లి, ముఖం తెలియని మెకానిక్ చేత కొత్త బెల్టు వేయించి, మూత బిగించి, చైను చైనంటూ చచ్చేదాకా గడిపేయవచ్చు. ఒక్క ఆదివారం కారు కదలకపోతే చాలు.

ఆదివారం కట్టెలు అప్పుడే అంటుకున్నాయి. గ్లాడిస్ చేతిలో కారు తాళాలతో పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పాసో దె లోస్ తోరోస్‌లో ఉన్న తన తల్లికి మోకాళ్లు పట్టేశాయట, బస్సెక్కలేదట, తనే వెళ్లి తీసుకొస్తుందట. ఆ దారి ఎల్బియోకు తెలుసు. ఎండ తప్ప తోడుండదు, ఆవులు తప్ప మనుషులుండరు.

బ్యాటరీ బాగాలేదన్నాడు. పొద్దున్నే స్టార్ట్ చేసి చూశానంది. టైరులో గాలి తగ్గిందన్నాడు. పట్టించానంది. మీ అమ్మ వచ్చే వారం వస్తే మాత్రం ఏమన్నాడు. ఆ మాటకు పిల్లలతో సహా అందరూ ఆయన వైపు తిరిగారు. వాల్దెమార్ అయితే గ్లాసు కింద పెట్టి మరీ చూశాడు.

"ఏంటి ఎల్బియో నీ గోల? బెల్టున్న కారా తెగిపోవడానికి? చైనే కదా?" అంది గ్లాడిస్.

అందరూ వింటున్నారు. అవునని ఒక్కమాట అంటే చాలు. ఆమె బహుశా క్షేమంగానే వెళ్లొస్తుంది. ఇన్నేళ్లూ వెళ్లిరాలేదా? అవును అనబోయాడు కూడా. నోరు తెరిచాడు. ఎండలో, రోడ్డు పక్కన, చెయ్యెత్తి నిలబడ్డ గ్లాడిస్ కనిపించింది. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

"కాదు. బెల్టే. నిన్న చూశాను. తాళాలు ఇలా ఇచ్చెయ్యి."

ఎల్బియో చువ్వను గుడ్డతో తుడిచి, పిడి అటు తిప్పి, బావమరిదికి అందించాడు. వెక్కిరిద్దామని ఇన్నేళ్లుగా దాచుకున్న మాటలన్నీ వాల్దెమార్‌కు ఆ క్షణాన ఒక్కటీ గుర్తు రాలేదు. అందుకుని, నిప్పు వైపు కొత్త పెళ్లికొడుకులా చూస్తూ నిలబడ్డాడు.

గ్లాడిస్ తాళాలు ఇవ్వలేదు. మొగుణ్ణి చెయ్యి పట్టుకుని వీధిలోకి, కారు దగ్గరికి లాక్కెళ్లింది. డ్రైవరు సీట్లో కూర్చుని సీటు బెల్టు పెట్టుకుంది. తర్వాత, తమ్ముడికి వినబడకుండా గొంతు తగ్గించింది.

"ఆ ఇంజను బెల్టు కొత్తదే. నాలుగేళ్ల కిందట నేనే మార్పించా. నువ్వు చైను చైనని మురిసిపోతున్నావని చెప్పలేదు."

పోయిన చువ్వ ఒకవైపు, కారులో కూర్చున్న భార్య ఒకవైపు, దేనికి ముందు ఉక్రోషపడాలో ఎల్బియోకు తేలలేదు.

"మరి ఇప్పుడు నోరు జారకముందే చెప్పొచ్చుగా? ఊరికే పోయింది కదే నా పొయ్యి!"

"నిన్న నువ్వు బానెట్‌లో తల దూర్చడం వంటింటి కిటికీలోంచి చూశా," అంది గ్లాడిస్. "చూసి కూడా నన్ను పంపిస్తావో లేదో తెలుసుకోవాలనిపించింది."

ఆమె కారు స్టార్ట్ చేసింది. అద్దం దించి, సలాడ్‌కు ఉల్లిపాయలు సన్నగా తరగమని చెప్పి వెళ్లిపోయింది. మలుపు తిరిగేదాకా ఎల్బియో అక్కడే నిలబడ్డాడు. పెరట్లోంచి మాడు వాసన వస్తోంది, ఎవరో ఆయన్ని పేరుపెట్టి పిలుస్తున్నారు. ఆయన అటు వెళ్లకుండా వంటింట్లోకి వెళ్లి, ఉల్లిపాయలు ముందేసుకుని, ఆమె చెప్పినంత సన్నగా తరగసాగాడు.